నాగరత్నం పత్యం

గూడెం నుంచి ఏలూరు వెళ్ళే ఆర్డినరీ బస్సుల్లో నాగరత్నం గొంతు ఎరగనివాళ్ళు లేరు. పొద్దున్నే డోరు దగ్గర నిలబడి "ఉంగుటూరు, నారాయణపురం, భీమడోలు, ఏలూరు" అని కేకేసిందంటే, మార్కెట్ యార్డులో ఉల్లిపాయ బస్తాల మీద కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడి లేచి పరిగెత్తుకొచ్చేవాడు. గొంతుకు తగ్గ మనిషే. సీట్ల మధ్య సందులో ఆవిడ నడుస్తుంటే ఇటువాళ్ళు ఇటూ అటువాళ్ళు అటూ ఒదిగి కూచోవాల్సిందే. ఒదిగినవాళ్ళు ఊరుకుంటారా? "మేడం గారూ, మీరు కూడా రెండు టిక్కెట్లు తీసుకుంటారాండీ?" అని వెనక సీట్లోంచి ఎవడో ఒకడు అనేవాడు. మన గోదావరి వాళ్ళ వెటకారం సంగతి చెప్పేదేముంది, అండీ పెట్టి మరీ కోస్తారు. ఆవిడా తక్కువ తిన్నది కాదు. "రెండోది మీ నోటికి కొట్టానండీ" అని చిల్లర అతని చేతిలో పెట్టి ముందుకు జరిగేది.

బస్సంతా నవ్వేది, ఆవిడా నవ్వేది. ఇంటికెళ్ళాక చీర మార్చుకుంటూ అద్దం వైపు తిరిగేది కాదు.

పుట్టుకతో లావు మనిషి కాదు నాగరత్నం. పెళ్ళినాటి ఫోటోలో వెదురుబద్దలా ఉంటుంది. మొగుడు బస్సు డ్రైవరు. కామెర్లు ముదిరి పోయాడు. చంకలో పిల్ల సాయిదుర్గ. ఆయన ఉద్యోగానికి బదులు ఈవిడకి కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. అప్పటినుంచీ నిలబడి బతికింది. వేళాపాళా లేని తిండి, నిద్ర. భీమడోలులో పునుగులు, ఏలూరు బస్టాండులో పూరీ, ఇంటికొచ్చాక వండుకునే ఓపిక లేక ఇంత అన్నంలో ఇంత పెరుగూ ఆవకాయా. కూచుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నిలబడి తిన్న నాగరత్నం మాత్రం కరగలేదు. సుగరొచ్చింది, బీపీ వచ్చింది, మోకాళ్ళు అరిగాయి. ఊళ్ళోవాళ్ళకి ఆవిడ తిండి కనబడింది గానీ నిలబడ్డ కాళ్ళు కనబడలేదు.

చెయ్యని ప్రయత్నం లేదు. పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచింది. తేనె నీళ్ళు తాగింది, శుక్రవారాలు ఉపవాసాలుంది, డబ్బాల్లో అమ్మే పొడి కలుపుకుంది, ప్రకృతి ఆశ్రమంలో చేరి పచ్చి సొరకాయ నమిలింది. నాలుగు కిలోలు తగ్గేవి. పోయిన కిలోలు మళ్ళీ చుట్టాల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేవి. ఇవన్నీ చూసి ఏలూరులో సుగర్ డాక్టరు పొట్ట కుదించే ఆపరేషన్ మాటెత్తితే, "అది ఆఖరి మాట కదండీ, దానికింకా టైముంది" అనేసి లేచొచ్చేసింది.

టైము లేదని నారాయణపురంలో తెలిసింది.

రెండువేల ఎనిమిది మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. బస్సు కిటకిటలాడుతోంది. అప్పటికే ఆవిడకి పగటిపూట మగత కమ్మేస్తోంది. రాత్రి పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వస్తోంది. తల్లి గురక ఆగినప్పుడల్లా పక్కన సాయిదుర్గ లేచి కూచుని, మళ్ళీ గురక వినబడేదాకా ఊపిరి బిగబట్టుకునేది. ఆ పిల్ల డిగ్రీ మొదటి సంవత్సరం. తండ్రి మొహం గుర్తులేదు, ఉన్నది ఈ ఒక్క తల్లే. ఆ రోజు నారాయణపురంలో జనం దిగుతుంటే నాగరత్నం రాడ్డు పట్టుకుని నిలబడే కన్ను మూసింది. ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ "రైట్, రైట్" అనేసింది.

బస్సులో ఆ మాటకి విలువేమిటో తెలిసినవాళ్ళకి తెలుసు. రైట్ అంటే బండి కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. డ్రైవరుకి వెనకవైపు కళ్ళుండవు, కండక్టరు మాటే కళ్ళు. ఆ మాటన్నప్పుడు ఒక ముసలావిడ ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు గాల్లో పెట్టుకుని ఉంది. డ్రైవరు సిరాజుద్దీన్ పాతకాపు. ఎందుకో అద్దంలోకి చూశాడు, గేరు వెయ్యలేదు. ముసలావిడ దిగి, ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఏలూరులో బస్సు ఖాళీ అయ్యాక సిరాజుద్దీన్ వెనక్కి తిరిగి, "నాగరత్నం గారూ, ఇవాళ అద్దంలోకి చూశానండీ. రోజూ చూస్తానని చెప్పలేనండీ" అన్నాడు.

ఆ వారమే వెళ్ళింది. బెజవాడ నుంచి వారానికోసారి ఏలూరు వచ్చి చూసే సర్జను ఫయాజ్ గారనీ, చిన్నవాడే, నెమ్మదిగా మాట్లాడతాడు. తోడుగా పెదపాడు నుంచి వదిన అచ్చాయమ్మ వచ్చింది. అన్నయ్య అచ్యుతరావుకి అక్కడ వరిచేలూ చేపల చెరువూ ఉన్నాయి. తల్లి పోయాక నాగరత్నానికి తల్లీ తోడూ ఆ వదినే. పురుడు పోసింది ఆవిడే, మొగుడు పోయినప్పుడు ఒళ్ళో తల పెట్టుకుని పడుకోబెట్టిందీ ఆవిడే.

అచ్చాయమ్మే ముందు అడిగింది. కడుపు కోయించుకోవడం అన్నిటికన్నా ఆఖరి దారి కదా బాబూ అని.

"ఆఖరి దారి అని ఆఖరిదాకా కూచుంటే గుండె పాడయ్యాక వస్తారండి. అప్పుడు కత్తి పట్టుకోవడానికి నాకు భయం" అన్నాడు డాక్టరు. "అలాగని ఇది మొదటి దారీ కాదు. మొదటి దారులన్నీ ఈవిడ నడిచొచ్చారు. నడవగలిగినప్పుడే వచ్చారు."

ఆయన ఏదీ దాచలేదు. పొట్టలో చాలా భాగం తీసేస్తే మిగిలేది అరటికాయంతే అన్నాడు. ఆ తరవాత జన్మంతా కొంచెం కొంచెం తినాలి, జన్మంతా మాత్రలు వేసుకోవాలి, ఒళ్ళు మరిచి తింటే బరువు మళ్ళీ వస్తుంది అన్నాడు. ప్రమాదం తక్కువే గానీ అసలు లేదని మాత్రం చెప్పను అన్నాడు. అచ్చాయమ్మ చెవికి ఆ ఒక్క మాటే ఎక్కింది. తరవాత చెప్పినవేవీ ఆవిడ విన్నట్టు లేదు.

తరవాత చెప్పిందే అసలు సంగతి. నాగరత్నం కాలేయానికి కొవ్వు పట్టి ఉబ్బిపోయి, పొట్ట మీద మూతలా కమ్ముకుని ఉందట. ఆపరేషనుకి ముందు రెండు వారాలు పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, ఆయన రాసిచ్చిన పొడి, ఇంతే. అలా చేస్తే కాలేయం మెత్తబడి చిన్నదవుతుందట. చెయ్యకపోతే దాన్ని ఎత్తి పక్కకి జరిపేటప్పుడు చిరిగి రక్తం పోతుందట. బల్ల మీదే ప్రాణం మీదికి రావచ్చు అన్నాడు. నాగరత్నం తలూపింది.

తలూపింది గానీ, ఆ మాట ఆవిడ బుర్రకి పట్టలేదు. పట్టకపోవడానికి కారణం ఉంది. మనవాళ్ళకి పత్యం అంటే మందు పడ్డాక చేసేది. బాలింత పత్యం, కామెర్ల పత్యం, కాలు విరిగితే కట్టు పత్యం. అన్నీ తరవాతే. మందుకి ముందు పత్యం ఏమిటి, విడ్డూరం కాకపోతే? బరువు తగ్గించడానికే కాబోలు చెప్పాడు, ఎలాగూ కోస్తాడు కదా, ఒకపూట తింటే ఒకపూట మానేస్తే సరిపోతుందనుకుంది. చదువుకున్న సాయిదుర్గ ఒక్కతే కాలెండరు మీద రోజులు కొట్టేస్తూ గ్లాసుల్లో మజ్జిగ కొలిచి పోసేది.

అచ్చాయమ్మ కబురు చేసింది, ఒకసారి వచ్చి వెళ్ళమని. వెళ్తే పీట వేసి, అరిటాకు వేసి ఉంది. పెళ్ళి కుదిరిన పిల్లని మన వైపు ఇంటింటికీ పిలిచి భోజనం పెట్టి, బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టి పంపుతారే, అచ్చం అలాగే. కొరమీను పులుసు, గారెలు, జున్ను. వద్దు వదినా, డాక్టరు వద్దన్నాడండీ అంది నాగరత్నం. మళ్ళీ ఎప్పుడు తింటావే తల్లీ, పిట్ట తిన్నట్టు తినాలంట కదా అని అచ్చాయమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. చేత్తో ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. ఆ చేతిని ఎలా తోస్తుంది? మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. నాగరత్నం నోరు తెరిచింది. తెరిచాక, నిజం చెప్పొద్దూ, కడుపునిండా తింది.

ఒక ఇంట తిన్నాక రెండో ఇంట ఎలా కాదంటుంది? పెంటపాడు పినతల్లి పనసపొట్టు కూర వండింది. డిపోలో తోటివాళ్ళు కోడిపలావు తెచ్చారు. కైకలూరు వైపు నుంచి పెద్దమ్మ కొడుకు బొమ్మిడాయిలు పట్టుకొచ్చాడు. అందరిదీ ఒకటే మాట, ఇప్పుడు తినకపోతే ఇంకెప్పుడని. కూతురికి డిపోలో పనుందని చెప్పి వెళ్ళేది, వచ్చి మజ్జిగ గ్లాసు అందుకునేది. ఒకరోజు ఆ పిల్ల గ్లాసు ఇస్తూ తల్లి చేతి వాసన తగిలి, ఆ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"అమ్మా, చేపలు తిన్నావా?"

"డిపోలో ఎవరో చేపలు తెస్తే కడిగిచ్చానే" అంది నాగరత్నం.

దుర్గ నమ్మింది. నమ్మి, తల్లి చేతికి సబ్బు తెచ్చిచ్చింది. నాగరత్నం ఆ సబ్బుతో ఎంత తోముకున్నా గుండెల్లో పీకుడు పోలేదు. రేపటినుంచి మానేస్తాను అనుకుంది. రేపు ఇంకొక ఇంటినుంచి కబురొచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికీ చెప్పుకోలేదు. చివరి రెండు రోజులు మాత్రం భయమేసి మంచినీళ్ళతో గడిపింది. దానికి కాటా మీద ముల్లు కాస్త కిందికి దిగింది.

బెజవాడ ఆసుపత్రిలో చేరిన సాయంత్రం డాక్టరు కాటా చూసి, పత్యం సరిగ్గా చేశారా అమ్మా అని అడిగాడు. నాగరత్నం వదిన వైపు చూసింది. అచ్చాయమ్మ నేల వైపు చూసింది. చేశానండీ అంది నాగరత్నం. దుర్గ పక్కనే ఉండి, నేనే పోశానండీ మజ్జిగ అని గర్వంగా చెప్పింది. అంతే, ఇంక వెనక్కి తీసుకోవడానికి మాట దొరకలేదు.

కాసేపటికి సిరాజుద్దీన్ వచ్చాడు. డ్యూటీ దిగి ఆ యూనిఫాంతోనే వచ్చాడు. చేతిలో ఏమీ లేదు, అందుకు సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాడు. వాళ్ళావిడ మరియంబీ కూడా నాగరత్నాన్ని భోజనానికి పిలుద్దామందనీ, తనే వద్దన్నాననీ చెప్పాడు.

"తిరిగొచ్చాక పిలుస్తాం లెండి" అన్నాడు. "అప్పుడు రెండు ముద్దలే తిందురు గానీ, మా ఇంటికి వచ్చి తినండి."

ఆ మాట ఆవిడని వదల్లేదు. తెల్లారి ట్రాలీ మీద పడుకోబెట్టి తోసుకుపోతుంటే పైన ట్యూబులైట్లు ఒక్కొక్కటీ వెనక్కి జరిగిపోతున్నాయి, ఆవిడ చెవిలో ఆ ఒక్క మాటే తిరుగుతోంది. తిరిగొచ్చాక. ఇన్ని ఇళ్ళల్లో తింది, ఇంతమంది చేతి ముద్ద తింది, ఒక్కరైనా ఆ మాటన్నారా? అందరూ ఇంకెప్పుడు తింటావు అన్నవాళ్ళే. వదిన ఏడుస్తూ పెట్టింది. పినతల్లి కాళ్ళకి పసుపు రాసింది. ఎందుకు రాసినట్టు?

లోపల చలి. బల్ల మీదికి మార్చి చేతులు రెండూ పక్కలకి చాపి పట్టీలు వేశారు. మత్తు డాక్టరమ్మ మాస్కు పట్టుకుని తల దగ్గరికొచ్చింది. ఫయాజ్ గారు గ్లవుజులు తొడుక్కుంటూ, "వెళ్దామా నాగరత్నం గారూ?" అన్నాడు నవ్వుతూ.

ఆయనకి లోపల కాలేయం కనబడదు. ఆయనకి ఉన్నది ఈవిడ చెప్పిన మాటే. నారాయణపురంలో ముసలావిడ కాలు గాల్లో ఉన్నట్టు, ఇప్పుడు తన కాలు గాల్లో ఉంది. రైట్ అన్నది తనే. ఇప్పుడు చెబితే దుర్గ మొహం ఎలా చూడాలి? ఇంతమంది కష్టం మట్టిలో కలిపాననరూ? చెప్పకపోతే దుర్గకి చూడ్డానికి మొహమే మిగలదు. మాస్కు ముక్కు మీదికి వచ్చింది. ఇన్నేళ్ళు ఇంత గొంతుతో బతికిన మనిషికి గొంతు పెగల్లేదు. తల విదిలించి మాస్కు పక్కకి నెట్టి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని కేకేసింది.

"హోల్డాన్!"

గదిలో అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఎవరో చేతిలో ట్రే కింద పెట్టారు.

"నేను పత్యం చెయ్యలేదండీ బాబూ. తిన్నాను. అన్నీ తిన్నాను" అంది, అని భోరుమంది.

డాక్టరు కేకలెయ్యలేదు, వేసుంటే బాగుండేది. పట్టీలు విప్పించాడు, స్కానింగు తీయించాడు. కాలేయం మొదట చూసినదానికంటే పెద్దదై ఉంది. ఆ తెరని ఆవిడకే చూపించాడు. ఇదిగో, దీన్ని నేను ఇవాళ చేత్తో ఎత్తబోయేవాణ్ణి అన్నాడు. మళ్ళీ తేదీ ఇస్తాను గానీ ఈసారి మీ నోటి మాట నమ్మను, స్కానింగు చూసే లోపలికి తీసుకెళ్తాను అన్నాడు.

వార్డులోకి తెచ్చాక దుర్గ దగ్గరికి రాలేదు. కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది. అచ్చాయమ్మ మాత్రం గబగబా వచ్చి మంచం పట్టుకుని, పోనీలే అమ్మా, దేవుడే ఆపాడు, ఇంటికి పోదాం పద అంది. ఆవిడ మొహంలో వెలుగు చూసి నాగరత్నం మంచం మీద లేచి కూచుంది.

"వదినా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. నేను తిరిగొస్తాననుకునే పెట్టారా ఆ భోజనం?"

అచ్చాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి, ప్రమాదం లేదని చెప్పనన్నాడుగా, మీ అమ్మ ఆకలితో పోయింది, నువ్వలా పోకూడదనుకున్నాను అంది. ఆ సంగతి నాగరత్నానికీ తెలుసు. తల్లికి ఆఖరి రోజుల్లో గొంతు దిగక, అడిగిన చేపల పులుసు పెట్టలేకపోయారు. అచ్చాయమ్మ దాన్ని ఇన్నేళ్ళూ మోస్తోందని మాత్రం తెలీదు.

"నాకు మీరు పెళ్ళిభోజనాలు పెట్టారనుకున్నానండీ" అంది నాగరత్నం. "నా దినం భోజనాలు నా చేతే తినిపించారు."

అచ్చాయమ్మ మంచం పట్టె మీద తల ఆనించి కూలబడిపోయింది. తిట్టాలనిపించింది నాగరత్నానికి, తిట్టలేకపోయింది. తనకి పురుడు పోసిన చేతులవి. తనూ తినే తింది కదా, ఎవరూ నోరు కట్టేసి కుక్కలేదు కదా. చెయ్యి చాచి వదిన తల మీద వేసింది. అప్పుడొచ్చింది దుర్గ కిటికీ దగ్గర్నుంచి. తల్లిని పలకరించలేదు, అత్తయ్యని లేపి కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

గూడెం చేరాక వారం తిరక్కుండా అచ్చాయమ్మ సంచీ పట్టుకుని దిగింది. పెదపాడులో చేను కోతకుంది, చెరువు పట్టుబడికుంది, మొగుడికి వండిపెట్టేవాళ్ళు లేరు, అయినా దిగింది. రెండు వారాలూ మరదలితో పాటు మజ్జిగే తాగింది. పూటకి రెండుసార్లు వడ్డించుకునే మనిషి. మూడో రోజుకి కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది, దుర్గ అన్నం తినమని బతిమాలితే వినలేదు. పినతల్లి క్యారేజీ పట్టుకొస్తే గుమ్మంలోనే నిలబెట్టి, దానికి ఇప్పుడు పెట్టేవాళ్ళు దాని చావు కోరేవాళ్ళేనండీ అంది. అంత మాట అన్నందుకు పినతల్లి ఇప్పటికీ ఆవిడతో సరిగ్గా మాట్లాడదు.

నాగరత్నానికి ఆ రెండు వారాలూ నరకమే. పక్కింట్లో తాలింపు వేస్తే తలుపు మూసుకునేది. ఆకలికి ఏడ్చింది, కోపానికి గ్లాసు విసిరేసింది. దుర్గ ఆ గ్లాసు తీసి కడిగి మళ్ళీ మజ్జిగ పోసింది. ఈసారి ఆ పిల్ల చెయ్యి వాసన చూడలేదు. నాగరత్నమే రోజూ చెయ్యి చాపి చూపించేది.

స్కానింగులో డాక్టరు చాలాసేపు చూశాడు. చూసి, ఊఁ అన్నాడు. ఆ ఒక్క ఊఁ కోసం ముగ్గురాడవాళ్ళు ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

మళ్ళీ ట్రాలీ వచ్చింది. భయం పోయిందా అంటే పోలేదు. ఆపరేషన్ గది తలుపు దగ్గర అచ్చాయమ్మ ట్రాలీకి అడ్డం నిలబడింది. నర్సు విసుక్కున్నా కదల్లేదు. సంచీలోంచి గుడ్డలో చుట్టిన చిన్న వెండి గిన్నె తీసింది. ముక్కు ఉన్న ఉగ్గుగిన్నె. నాగరత్నాన్నీ, ఆ తరవాత దుర్గనీ అందులోనే ఉగ్గు పెట్టి పెంచారు. చింతపండుతో తోమి తళతళా మెరిపించి తెచ్చింది.

"ఇంక నీ కంచం ఇదే" అంది. "లోపల ఎంతసేపైనా కానీ. నేను ఈ బల్ల మీద దీన్ని పట్టుకుని కూచుంటాను. వచ్చి తాగు."

నాగరత్నం గిన్నె వైపు ఒకసారి చూసి, నర్సుతో పోనివ్వమ్మా అంది.

ముందు చెప్పిన వేళ దాటిపోయింది. దుర్గ తలుపు ముందు అటూ ఇటూ నడిచింది. సిరాజుద్దీన్ డ్యూటీ మార్చుకుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అచ్చాయమ్మ గిన్నె రెండు చేతుల్లోనూ పట్టుకుని కూచుంది. కాఫీ తెస్తే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదంది. సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, బాగా జరిగింది అన్నాక కూడా ఆవిడ చేతులు విడలేదు.

మత్తు దిగడానికి ఇంకా చాలాసేపు పట్టింది. నాగరత్నం కళ్ళు తెరిచి, తెరిచిన కళ్ళతోనే కాసేపు పైకప్పు చూసింది. కూతురు చెయ్యి తగిలితే పట్టుకుంది. తరవాత తల మెల్లగా పక్కకి తిప్పింది. బస్సంతా వినబడే ఆ గొంతు, చెవి దగ్గర పెడితే తప్ప వినబడలేదు.

"వదినా, గిన్నేదండీ?"